లారీ రేడియేటర్‌లో నా వంటింటి నీళ్లు

ఈసారి రాసేది లారీ రేడియేటర్ గురించి. మగవాళ్ల సంగతి మనకెందుకులే అని పక్కకి పోకండి. మీ ఇంటి ముందర లారీయో, మినీ వ్యానో, ట్రాక్టరో నిలబడుతుంటే ఇది మీ ఇంటి లెక్క కూడా. నాకు ఆ సంగతి ఆలస్యంగా తెలిసింది. అందుకే రాస్తున్నాను.

మాది సత్యవేడు. 2022లో జిల్లా చిత్తూరు నుంచి తిరుపతికి మారింది గానీ మా వీధిలో ఏమీ మారలేదు. శ్రీసిటీ వచ్చినప్పటి నుంచి తడ రోడ్డు మీద రాత్రీ పగలూ బండ్లే. మా ఆయన కూడా అక్కడే లోడు ఎత్తుకుని పుత్తూరు, చిత్తూరు మీదుగా బెంగళూరు పోతారు. వచ్చేటప్పుడు పలమనేరులోనో కోలారులోనో కూరగాయలు దొరికితే చెన్నైకి వేసుకొస్తారు. ఆరు చక్రాల బండి. మేం కొన్నప్పటికే పాతది. కంపెనీ పేరు ఎందుకులెండి, జరిగినదాంట్లో బండి తప్పు లేదు.

2023 మే నెల. కత్తిరి ఎండలు. చిత్తూరు దాటి, బంగారుపాళెం దాటి, మొగిలి ఘాట్ ఎక్కుతుండగా బండి హీటెక్కింది. అది కొత్త కాదు. ఏటా ఎండాకాలంలో ఘాట్ మధ్యలో ఆపడం, నీళ్లు పోయడం, మళ్లీ ఎక్కడం మామూలే. క్యాబిన్లో ఎప్పుడూ రెండు క్యాన్లు ఉంటాయి, ఒకటి ఇంజిన్‌కి, ఒకటి తాగడానికి. ఆ రోజు ఇంజిన్ క్యాను అయిపోయింది. మా ఆయన తాగే క్యాను కూడా దానికే పోశారు. అప్పటికీ ముల్లు ఎరుపులోనే ఉంది. తొందరలో మా చెల్లెలి కొడుకు రేడియేటర్ మూత తిప్పాడు. ఇంటర్ అయిపోయి ఖాళీగా ఉన్నాడని, రెండు నెలలు క్లీనర్‌గా తీసుకుపోండి అని పంపించింది నేనే. సలసలా కాగే నీళ్లు పైకి ఎగజిమ్మాయి. కుడి చెయ్యి మోచేతి దాకా, మెడ కింద కొంచెం కాలింది.

ఫోన్ ఎత్తగానే ఆయన అన్న మొదటి మాట, "ఏమే, కళ్లకేం కాలేదు, నువ్వు భయపడొద్దు." కళ్లకేం కాలేదు అనే మాటతో మొదలైతే మిగతాది ఏమై ఉంటుందో అని నా కాళ్లు వణికాయి. మా చెల్లెలికి నేనే చెప్పాలి. ఆ ఫోన్ చేయడానికి పట్టిన పది నిమిషాలు ఇప్పటికీ గుర్తొస్తాయి. అది నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేదేమో.

పిల్లోడు కోలుకున్నాడు. మచ్చ ఉంది. పొడుగు చేతుల చొక్కాలే వేసుకుంటాడు.

బండి సంగతికొస్తే, ఇంజిన్ హెడ్ గ్యాస్కెట్ పోయింది, హెడ్డు వంగింది. ఇంజిన్ ఆయిల్ చూస్తే పాలు కలిపిన టీలా ఉందట. అంటే నీళ్లు ఆయిల్లోకి దిగాయని అర్థం. ఇంకో బండికి కట్టి చిత్తూరు దాకా దించారు. నేను గాజులు కుదవ పెట్టి, డబ్బు తీసుకుని బస్సెక్కాను. మొత్తం మీద, ఆగిపోయిన ట్రిప్పులు కాక, నలభై ఒక్క వెయ్యి అయింది.

ఇంజిన్ విప్పిన మేస్త్రి రేడియేటర్‌ని విడిగా ఇంకో షాపుకి పంపించాడు. అక్కడొక పెద్దాయన. రేడియేటర్లు అతికించి అతికించి చేతుల మీద పాత మచ్చలన్నీ ఆయనకీ ఉన్నాయి. ఆడమనిషి షెడ్డుకి వచ్చిందని ఒక స్టూలు వేయించి, "కూర్చోమ్మా" అన్నాడు. పాత బండి కదా, ఇత్తడి రేడియేటరే. ఇప్పటి బండ్లలో అయితే అల్యూమినియంకి ప్లాస్టిక్ ట్యాంకులు బిగించి ఉంటాయి, చాలావాటిని మార్చుకోవాల్సిందేగానీ ఇలా విప్పి బాగుచేయడం కుదరదట. మా దాని పై ట్యాంకుని మంటతో కరిగించి ఊడదీశాడు. లోపల సన్న గొట్టాలు వరసగా ఉంటాయి. సగం గొట్టాలు మూసుకుపోయి ఉన్నాయి. తెల్లగా, గట్టిగా, సున్నం మెత్తినట్టు.

"ఏం నీళ్లు పోస్తా ఉండారమ్మా దీనికి?" అన్నాడు.

నేను నోరు తెరవలేదు. ఎందుకంటే నాకు తెలుసు ఏం నీళ్లో. మా ఇంట్లో ఆర్‌ఓ మిషన్ ఉంది. ఒక బిందె మంచినీళ్లకి అంతకంటే ఎక్కువ నీళ్లు పక్క పైపులో బయటికి పోతాయి. నీళ్లు పారబోయడం నాకు చిన్నప్పటి నుంచి ప్రాణం మీదకి వస్తుంది. ఆ పక్క పైపు నీళ్లన్నీ క్యాన్లకి పట్టి, "లారీకి పోసుకోండి, వృథా కాకుండా ఉంటుంది" అని మూడేళ్లుగా ఇస్తున్నది నేను. పొదుపు చేస్తున్నానని లోపల గర్వం కూడా. బోరు నీళ్లలో ఉన్న ఉప్పులూ సున్నమూ అంతా ఆ పక్క పైపులోకే వస్తుందని, అంటే నేను బోరు నీళ్లకంటే చెడ్డ నీళ్లు వడగట్టి మరీ పంపిస్తున్నానని అప్పుడు తెలిసింది.

మన కుక్కర్ అడుగున తెల్ల పొర చూస్తాం కదా. గీకితే రాదు, చింతపండు వేసి ఉడికించాలి. అదే ఇది. ఆ పొర ఇత్తడిలా వేడిని దాటనివ్వదు. ఇంజిన్లో కాలిన డీజిల్ వేడిలో సుమారు మూడో వంతు బండిని నడపదు, నీళ్లలోకి పోతుంది. ఆ నీళ్లు రేడియేటర్‌కి వచ్చి గాలికి ఆరి మళ్లీ ఇంజిన్లోకి వెళ్లాలి. గొట్టాలకి లోపల సున్నం పడితే నీళ్లు తిరుగుతాయిగానీ వేడి బయటికి పోదు. పైగా రోజూ కొత్త నీళ్లు పోస్తుంటే రోజూ కొత్త సున్నం. ఒకసారి పోసి మూత బిగించి ఏడాది తిరిగే నీళ్లలో ఉన్న సున్నం ఒక్కసారికే. రోజూ అర క్యాను కలిపే బండికి ఏడాది పొడుగునా పడుతూనే ఉంటుంది.

ఇక మూత. పిల్లోడి చెయ్యి కాల్చిన ఆ మూత గురించి నేను ఆ పెద్దాయన్ని అడిగి అడిగి విసిగించాను. అది ఉత్త మూత కాదు, మన కుక్కర్ మీద విజిల్ గుండు లాంటిది. లోపల స్ప్రింగ్ ఉంటుంది. నీళ్లు మామూలుగా 100 డిగ్రీలకి మరుగుతాయి. మూత సరిగ్గా పట్టి లోపల అర కేజీ ఒత్తిడి నిలబడితే 110 దాటేదాకా మరగవు. పలమనేరు దాదాపు 700 మీటర్ల ఎత్తు. ఆ ఎత్తులో మూత లేని గిన్నెలో నీళ్లు రెండు డిగ్రీలు తక్కువకే మరుగుతాయి. అంటే ఘాట్ ఎక్కే బండికి మూత మరీ ముఖ్యం. మా మూతకి రబ్బరు పోయి, బిర్రు లేదని గుడ్డ చుట్టి బిగించి ఉన్నారు! గుండు లేని కుక్కర్‌లో పప్పు ఉడకలేదని గ్యాస్‌ని తిట్టినట్టుంది. మూత ఖరీదు మూడు వందల లోపే.

విజిల్ పెట్టిన కుక్కర్‌ని ఆవిరి దిగకుండా తెరవకూడదని మనకి పెళ్లికి ముందే అమ్మ నేర్పిస్తుంది. లారీ క్లీనర్‌గా పోయే పిల్లోడికి ఎవరు నేర్పించాలి? పై హోస్ పైపుని చేత్తో పట్టుకోగలిగేంత చల్లబడేదాకా మూత ముట్టుకోకూడదు. అరగంట పట్టినా గంట పట్టినా అంతే. ఆ ఒక్క మాట నేను కుక్కర్ పోలికతో వాడికి చెప్పి పంపించి ఉంటే ఆ మచ్చ ఉండేది కాదు.

ఆ రోజు షెడ్డులో నాకు బాగా కోపం తెప్పించిన సంగతి ఇంకొకటి ఉంది. ఇంజిన్ ఫ్యాన్ చుట్టూ ఒక రేకు చట్రం ఉండాలట. మా బండికి లేదు. ఎప్పుడో బెల్టు మార్చేటప్పుడు అడ్డమని విప్పి పక్కన పెట్టారు, మళ్లీ బిగించలేదు. "అది లేకపోతే ఏమవుతుంది, ఫ్యాన్ తిరుగుతా ఉంది కదా" అన్నారు మా ఆయన. పెద్దాయన నాకు చెప్పిన జవాబు ఇది: వంటింట్లో ఎగ్జాస్ట్ ఫ్యాన్ పెట్టి, దాని పక్కనే కిటికీ తెరిచి పెడితే ఏమవుతుంది? ఫ్యాన్ ఆ కిటికీ గాలినే లాగి బయటికి తోస్తుంది, పొయ్యి మీద పొగ పొయ్యి మీదే ఉంటుంది. లారీ ఫ్యాన్ రేడియేటర్ వెనక ఉండి ముందరి చల్లగాలిని రేడియేటర్ గుండా లాగాలి. చుట్టూ రేకు లేకపోతే పక్కల నుంచి ఇంజిన్ వేడిగాలినే మళ్లీ మళ్లీ లాగుతుంది. రోడ్డు మీద వేగంగా పోయేటప్పుడు గాలి దానంతటదే వస్తుంది కాబట్టి తెలియదు. రెండో గేరులో ఘాట్ ఎక్కేటప్పుడు ఫ్యాన్ గాలే దిక్కు. ఆ రేకు మా ఇంటి వెనక కోళ్ల గంపకి మూతగా ఉంది. నేనే పెట్టాను.

నవ్వకండి. నిజమే.

ఇప్పుడు నా అభిప్రాయం చెప్తాను. దీనికి మా ఆయన ఒప్పుకోలేదు, మా మేస్త్రి సగమే ఒప్పుకున్నాడు. పాత బండి ఉన్న ఇంట్లో చల్లదనం ఖర్చుకి వేరే డబ్బా ఉండాలి, ఆ డబ్బా ఆడవాళ్ల చేతిలో ఉండాలి. టైర్లకి డబ్బు అడగకుండానే ఇస్తాం, టైరు కళ్లకి కనబడుతుంది. ఇన్సూరెన్స్, ట్యాక్స్, ఎఫ్‌సీ అయితే ఆఫీసు వాళ్లు వదలరు. ఎనిమిదేళ్లు దాటిన బండికి ఏటా ఎఫ్‌సీ చేయించాలి కాబట్టి ఏడాదికోసారి రంగు, లైట్లు, బ్రేకులు అన్నీ చూసుకుంటారు. రేడియేటర్ లోపల ఎవరూ చూడరు. అది కారితే చూస్తారు, లేకపోతే లేదు. లోపల మూసుకుపోయేది కారదు.

మగవాళ్లు చెడ్డవాళ్లని కాదు. రోడ్డు మీద ఉన్న మనిషికి ఈ రోజు లోడు ఈ రోజు చేరడమే లెక్క. నీళ్లు పోస్తే ఇంకో ముప్పై కిలోమీటర్లు పోతుంది, అది చాలు ఆయనకి. ఆరు నెలల తర్వాతి సంగతి లెక్కేసేది ఇంట్లో కూర్చుని చీటీ కట్టేవాళ్లే. బియ్యం ఎప్పటికి అయిపోతుందో, ఉప్పు ఎప్పుడు తేవాలో మనకి అలవాటు. కూలెంట్ ఎప్పుడు మార్చాలో కూడా ఆ క్యాలెండర్‌లోనే రాసుకోవచ్చు.

కూలెంట్ గురించి మా ఇంట్లో పెద్ద గొడవే అయింది. "ఇక్కడేమన్నా మంచు పడుతుందా, అది చలి దేశాలకి" అన్నారాయన. సత్యవేడులో మంచు పడదు, నిజమే. కానీ అందులో ఇనుము తుప్పు పట్టకుండా, పొర కట్టకుండా కలిపే మందులు ఉంటాయి. మనకి కావాల్సింది అవి. సగం కూలెంటూ సగం నీళ్లూ కలిపితే మరిగే వేడి కూడా కొన్ని డిగ్రీలు పెరుగుతుంది. ఆ సగం నీళ్లు బ్యాటరీకి పోసే డిస్టిల్డ్ వాటర్ అయితే మంచిది. మా బండికి మొత్తం ఇరవై లీటర్ల దాకా పట్టింది. రెండున్నర వేలు కూలెంట్‌కి, నాలుగైదు వందలు నీళ్లకి. నలభై ఒక్క వెయ్యి పక్కన పెట్టి చూడండి. ఆకుపచ్చదీ ఎర్రదీ కలిపి పోయకండి, రంగుని బట్టి రకం చెప్పలేం. ఒకే రకం కొని, ఒక సీసా అదనంగా క్యాబిన్లో పెట్టించండి.

ఇది అమ్మలందరికీ: కూలెంట్ విషం. పైగా తియ్యగా ఉంటుంది. పిల్లలు, కుక్కలు నాకుతారు. ఖాళీ క్యాను గట్టిగా, బాగుంది కదా అని కడిగి నూనెకో నీళ్లకో వాడేవాళ్లని మా వీధిలోనే చూశాను. కోసి పారేయండి. పొదుపు నాకంటే ఎక్కువ ఎవరికీ ఉండదు, నేనే చెప్తున్నాను.

మేస్త్రితో నాకు పడనిది థర్మోస్టాట్ దగ్గర. ఎండాకాలం రాగానే మా వైపు చాలామంది దాన్ని పీకి పారేస్తారు. నీళ్లకి అడ్డం లేకపోతే బాగా తిరుగుతాయని. ఇంజిన్ తగినంత వేడెక్కేదాకా నీళ్లని రేడియేటర్‌కి పోనివ్వకుండా ఆపి, ఎనభై డిగ్రీల చిల్లరకి తెరుచుకునే తలుపు అది. పీకేస్తే మామూలు రోడ్డు మీద ఇంజిన్ చల్లగానే నడిచి డీజిల్ ఎక్కువ తాగుతుంది, లోపల అరుగుతుంది. చాలా ఇంజిన్లలో ఆ తలుపు తెరుచుకున్నప్పుడే పక్కదారి మూసుకుంటుంది. తలుపే లేకపోతే పక్కదారి ఎప్పుడూ తెరిచే ఉంటుంది. కాగిన నీళ్లలో కొంత రేడియేటర్ మొహం చూడకుండా మళ్లీ ఇంజిన్లోకే పోతుంది. చల్లదనానికని పీకింది ఘాట్ మీద వేడి పెంచుతుంది. మేస్త్రి, "నలభై ఏళ్లుగా తీసేస్తా ఉండానమ్మా, ఎవురూ అడగలే" అన్నాడు. నేను గిన్నెలో నీళ్లు కాచి, పాతదాన్ని దారంతో వేలాడదీసి తెరుచుకుంటుందో లేదో ఆయన ముందరే చూశాను. తెరుచుకోలేదు. కొత్తది వేయించాను. ఆయన మొహం మాడ్చుకున్నాడుగానీ వేశాడు. ఆ గిన్నె మళ్లీ వంటకి వాడలేదులెండి.

ఇంకా చిన్నాచితకా ఉన్నాయి. ఆయుధపూజకి గ్రిల్‌కి కట్టిన అరటి పిలకలు ఎండిపోయినా అక్కడే ఉంటాయి, ముందర పేరు బోర్డు, దాని మీద సీరియల్ లైట్లు. నిమ్మకాయలు మిరపకాయలు ఉండనివ్వండి, వాటికి గాలి ఆగదు. మిగతావి మూడో రోజుకి తీయించండి. రేడియేటర్ రెక్కల్లో దుమ్ము, పొట్టు, పురుగులు ఇరుక్కుంటాయి. అవి ముందు నుంచి వచ్చాయి కాబట్టి నీళ్లు ఇంజిన్ వైపు నుంచి ముందుకి కొట్టాలి. ఎదురు నుంచి కొడితే లోపలికి ఇంకా దూరుతాయి. కింది హోస్ పైపు మెత్తబడితే ఇంజిన్ రైజ్ చేసినప్పుడు పీల్చుకుని అతుక్కుపోతుంది. నొక్కి చూస్తే మన చేతికే తెలుస్తుంది. పికప్ రావాలని డీజిల్ పంపు స్క్రూ తిప్పించుకుంటే నల్ల పొగా, వేడీ రెండూ పెరుగుతాయి. ఇక ఓవర్‌లోడు. దాని గురించి నేను రాస్తే మా ఇంట్లో అన్నం ఉడకదు. ఒక్కటే అంటాను, రెండు టన్నులు ఎక్కువ వేసుకుని సంపాదించినది ఘాట్ మీద ఒక్క రోజులో పోయింది, మా పుస్తకంలో రాసి ఉంది.

కొత్త బండి తీసుకోవచ్చు కదా అని మా ఆడపడుచు అంటుంది. 2025 నుంచి కొత్తగా తయారయ్యే పెద్ద లారీలకి క్యాబిన్లో ఏసీ తప్పనిసరి చేశారు కూడా. మంచిదే. మా ఆయన కాలి పక్కనే ఇంజిన్ కవర్, వేసవిలో చెప్పు లేకుండా పెట్టలేరు. ఆ సుఖం ఆయనకీ కావాలనే ఉంటుంది నాకు. కానీ నెలనెలా కిస్తీ కట్టే బండికి లోడు లేని రోజు కూడా వడ్డీ నడుస్తుంది. అప్పు లేని పాత బండి మా కొంపకి ఆధారం. దాన్ని చల్లగా ఉంచుకోవడం, అంతే మాకు చేతనైంది. ఇంజిన్ వేడి తగ్గాక క్యాబిన్ వేడి కూడా కొంత తగ్గిందని ఆయనే అన్నారు. ఆ ఒక్క మాట చాలనిపించింది.

గొట్టాలు తోమించి, మూత, హోస్‌లు, థర్మోస్టాట్ మార్చి, కోళ్ల గంప మీది రేకు కడిగి మళ్లీ బిగించాక, తర్వాతి వేసవిలో నేనొక పని చేశాను. మా పెద్దమ్మాయి పాత నోటు పుస్తకం ఒకటి ఇచ్చి, ఘాట్ ఎక్కాక ముల్లు ఎక్కడుందో రాయమన్నాను. "నాకేమన్నా పరీక్షలా" అన్నారు. రాయలేదు. కానీ పైకెక్కి బండి ఆపి టీ తాగేటప్పుడు ఫోన్ చేస్తారు. నేను రాసుకుంటాను. ముల్లు పైకి జరగడం మొదలవగానే గేరు దించి ఇంజిన్ తిప్పుడు పెంచితే ఫ్యాను, పంపు కూడా వేగంగా తిరుగుతాయని, పై గేరులో మూలుగుతూ లాగడం మానేశానని కూడా ఆయనే ఫోన్లో చెప్పారు. పైకెక్కగానే టప్పున ఆపకుండా రెండు మూడు నిమిషాలు ఐడిల్‌లో వదులుతున్నారు. ఆ ఇంజిన్ చప్పుడు నాకు ఫోన్లో వినిపిస్తుంది.

మా చెల్లెలి కొడుకు ఇప్పుడు శ్రీసిటీలో ఒక ఫ్యాక్టరీలో పని చేస్తున్నాడు. లారీ ఎక్కనంటాడు. మొన్న పండక్కి వచ్చినప్పుడు వాకిట్లో బండి కడుగుతుంటే మాత్రం పోయి పైపు పట్టుకున్నాడు. ఇంజిన్ వైపు నుంచే నీళ్లు కొట్టాడు.

ఆర్‌ఓ పక్క పైపు నీళ్లు ఇప్పుడు బండలు కడగడానికి, బాత్రూముకి వాడుతున్నాను. వేరే ఉపాయం ఎవరికైనా తెలిస్తే చెప్పండి, ఇంకా రెండు బిందెలు మిగిలిపోతున్నాయి.